గుర్తులు ఏరిన మా మేనత్త

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆడవాళ్ల వార్డులో ఉన్నాను. ఒక ముసలామెకు సెలైన్ మారుస్తున్నాను.

"అక్కా, డ్యూటీల ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న. చెప్పు."

"అత్త పోయింది. ఇప్పుడే. దూపయితుందంటె నీళ్లు తాపిన. ఒక గుక్క మింగింది, అంతే" అన్నాడు.

చేతిలో పని మధ్యలో వదలడానికి లేదు. సెలైన్ చుక్కలు సరిగా పడుతున్నాయో లేదో చూసి, అప్పుడు వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. ఏడుపు రాలేదు. నెలల తరబడి ఆమె పడ్డ నొప్పి కళ్లారా చూసినదాన్ని. ఆ నొప్పి ఇక లేదన్నదే ముందు తోచింది. మనిషి కూడా లేదన్నది తర్వాత తోచింది.

మీలో గద్వాల వైపు వాళ్లుంటే ఆమెను చూసే ఉంటారు. పాత బస్టాండు దగ్గర ఒక బట్టల దుకాణం మెట్ల కింద ఇరుకు గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గిరాకీ కూర్చోవడానికి ఒక బెంచీ. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉండే ఒక బక్కపలచని ఆడమనిషి. అర్జీలు టైపు చేసేది, ప్రింట్లు తీసేది. కానీ దూరపు ఊళ్ల నుంచి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది వేరే పనికి. మెయిళ్లు శుభ్రం చేయించుకోవడానికి.

ఈ పని చాలామందికి తెలియకపోవచ్చు. ఒకచోట రాసిన మెయిల్‌ను ఇంకోచోట అతికించినా, పది చేతులు మారినా, మాటల మధ్య ఎవరూ రాయని గుర్తులు వచ్చి చేరతాయి. పాత ఫాంట్‌లో కొట్టిన తెలుగు అవతలికి వెళ్లేసరికి డబ్బాలూ ప్రశ్న గుర్తులూ అయిపోతుంది. జవాబు మీద జవాబు పడేకొద్దీ ప్రతి వరుస ముందు బాణాలు పేరుకుంటాయి. వరుసల చివర సమానం గుర్తులు మొలిచి పదాలను తుంచేస్తాయి. ఈమధ్య మరో రకం మొదలైంది. ఫోనునే అర్జీ రాసిపెట్టమని అడిగి తెస్తున్నారు. మాట మాటకూ అటూ ఇటూ నక్షత్రాలు, పేరా పేరాకూ తలమీద హ్యాష్ గుర్తు.

"ఏందిరా గిది?" అని ఒకసారి డిగ్రీ చదివే పిల్లగాడిని నా ముందే అడిగింది. "కలెక్టర్‌కు అర్జీ రాస్తున్నవా, వాకిట్ల ముగ్గేస్తున్నవా?"

వాడు నవ్వాడు. ఆమె నవ్వకుండానే ఒక్కో నక్షత్రాన్ని తీసేస్తూ పోయింది. "అన్నీ ఒక్కపారె తీసేసే ఉపాయం ఉంటది కదత్తా?" అన్నాను నేను.

"ఉంటది. గని ఫోన్ నంబరు ముందట ఉండే ప్లస్సు గూడ దాంతోనే పోతది. ఏది చెత్తనో ఏది మాటనో మిషన్‌కేం తెలుసు బిడ్డా? సూసి తియ్యాలె."

అట్లా చూసి తీసేది. చెత్త అంతా పోయేదాకా మెయిల్‌లో ఏముందో ఎవరికీ చెప్పేది కాదు. సగం చదివి చెబితే సగం అబద్ధం చెప్పినట్టే అనేది.

ఆమె బతుకు గురించి కొంచెం చెప్పాలి. మా తాత మగ్గం నేసేవాడు. అత్త బడికి పోతూనే నూలు కండెలు చుట్టింది. పెళ్లయిన కొన్నాళ్లకు మామ మగ్గం మీద పొట్ట గడవదని షోలాపూర్ మిల్లు పనికి పోయాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. తాతకు తెలుసు, మా నాయనకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలియదు. "వచ్చే నెల వస్తడంట" అని ఆమె అంటే, "ఆ, వస్తడు వస్తడు" అని అందరూ తలూపేవారట. చివరికి నల్లా దగ్గర బిందెల జగడంలో ఒకామె నోరు జారింది.

ఆ తర్వాత టైపు నేర్చుకుంది. కోర్టు ముందు చెట్టు కింద కూర్చుని కొన్నేళ్లు దరఖాస్తులు కొట్టింది. ఆ మీదట ఈ దుకాణం. మామ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. ఒక్కసారే అంది. "పోయినందుకు గాదు బిడ్డా. ఇన్ని దినాలు అందరు నా మొకం సూసుకుంట నవ్వి మాట్లాడిండ్రు గదా. అది యాదికొస్తె ఒళ్లు మండుతది."

ఇక వీపనగండ్ల చెల్లె సంగతి. ఆమె వీపనగండ్ల దగ్గరి పల్లె కోడలు. తల్లిగారిది గద్వాల పక్క ఊరు కావడంతో వనపర్తికి పోకుండా ఇంత దూరం వచ్చేది. కూలి పనికి పోయే మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. అత్త ఆమెను చెల్లె అనేది, అందుకే నేనూ అట్లాగే అంటున్నాను. ఆమె మొగుడు గల్ఫ్‌లో బిల్డింగు పనిలో ఉండేవాడు. ఉన్నట్టుండి ఫోన్ ఎత్తడం మానేశాడు. వెంట పనిచేసేవాడు ఒకడు "పని కాడ పడ్డడు, దవాఖానల ఏసిండ్రు" అని చెప్పి, తర్వాత వాడూ దొరకలేదు. అప్పటి నుంచి ఆమె అత్త దగ్గరికి వచ్చి కంపెనీ ఆఫీసుకు మెయిళ్లు పెట్టించేది. చూస్తున్నాం అన్న ముక్క తప్ప జవాబు వచ్చేది కాదు.

అసలు జవాబు వచ్చిన రోజు నేను అక్కడ లేను. అత్త నోట విన్నదే. కానీ ఆమె దాన్ని ఎన్నిసార్లు చెప్పుకుందంటే, ఆ బెంచీ మీద నేనూ ఉన్నట్టే ఉంటుంది.

మెయిల్ తెరిస్తే తెర నిండా గుర్తులే. ఎన్ని ఆఫీసులు తిరిగి వచ్చిందో, ప్రతి వరుస ముందు బాణాల గుంపు, ప్రతి వరుస చివర సమానం గుర్తు. మాటలు ఎక్కడంటే అక్కడ తెగి కింది వరుసలో పడ్డాయి.

"ఏం రాసిండ్రక్కా?"

"ఆగు చెల్లె. చెత్త తియ్యనీ."

పై నుంచి తీస్తూ వచ్చింది. ఒక వరుస చివర 'మోర్' అని ఉంది, పక్కన సమానం గుర్తు. కింది వరుస మొదట 'టల్ రిమెయిన్స్' అని ఉంది. అత్త ఆ గుర్తు తీసేసింది. రెండు ముక్కలూ దగ్గరికి జరిగి 'మోర్టల్ రిమెయిన్స్' అని ఒక మాట అయ్యాయి. శవం అనలేక ఆఫీసుల వాళ్లు ఇంగ్లీషులో రాసే మాట అది. భౌతికకాయాన్ని పంపడానికి ఏర్పాట్లు చేస్తున్నాం, కుటుంబం ఫలానా కాగితాలు పంపాలి. అదీ సంగతి.

అత్త చెయ్యి ఆగలేదట. కింద మిగిలిన గుర్తులన్నీ తీసింది. తీయాల్సిన అవసరం లేని ఖాళీలను కూడా సర్దింది. ఇంక తీయడానికి ఏమీ లేనంతవరకు తీసింది. చెల్లె రోడ్డు మీద అరటిపండ్ల బండివాడితో ఎవరో చేస్తున్న బేరం చూస్తోంది.

"అయిపాయెనా అక్కా? ఏమంటుండ్రు? పంపిస్తరంటనా?"

"పంపుతరంట" అంది అత్త.

ఆ మాట తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో తనకే తెలియదని నాతో అనేది. అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల మొహం ఒక్కసారి విచ్చుకుంది. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం అత్తకు చేతకాలేదు. నలుగురు తిరిగే రోడ్డు పక్కన, తన వాళ్లెవరూ లేనిచోట ఆమె కూలిపోతే పట్టుకునేవాళ్లు ఎవరు అనుకుంది. "మీ అత్తతోని గూడ మాట్లాడాలె, పా" అని షట్టర్ దించి ఆమె వెంట బస్సెక్కింది.

బస్సులో చెల్లె కిటికీ పక్కన కూర్చుని ఒకటే మాటలు. ఆయన వచ్చేలోపు ఇంటికి సున్నం వేయాలి. చిన్నదాన్ని ఈసారి బడిలో చేర్చాలి, మొదటి అక్షరం వాళ్ల నాయన చేతనే దిద్దించాలి. పెబ్బేరులో బస్సు మారేటప్పుడు జామకాయలు కొంది. ఉప్పూ కారం అద్దించి ఒకటి అత్త చేతిలో పెట్టింది. అత్త తిన్నది. తినకపోతే ఎందుకు తినలేదని అడుగుతుందని తిన్నది.

ఇంటికి చేరాక, ముసలి అత్తగారు వాకిట్లో ఉండగా, ఇరుగుపొరుగును పిలిపించి అప్పుడు చెప్పింది. ముసలామె నేలమీద పడి కొట్టుకుంది. చెల్లె ఏడవలేదు. అత్త వైపే చూసింది.

"బస్సుల ఎందుకు చెప్పకపోతివి?"

"నీ మనుషులు నీ పక్కన ఉండాలని చెల్లె..."

"పంపుతరంటివి."

అత్త చెయ్యి పట్టుకోబోతే చెల్లె విదిలించుకుంది.

"నేను జామకాయ తింటి. నవ్వుకుంట తింటి. నా మొగడు సచ్చినంక నేను నవ్విన. గది నాకెల్లి ఎవరు తీసేస్తరక్కా?"

సాయంత్రం అత్త నాకు ఫోన్ చేసింది. "నాకు చేసిందే నేను ఆ పిల్లకు చేస్తిని బిడ్డా" అంది. దవాఖానలో చావు కబురు చెప్పేచోట నిలబడడం నా ఉద్యోగంలో భాగం. ముందే చెప్పలేకపోయినవాళ్లను ఎందరినో చూశాను, వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆ మాటే అన్నాను. ఆమె వినిపించుకోలేదు. "నువ్వు మంచికే చేసినవ్ అంటవ్. మా నాయన గూడ నాకు మంచికే చేసిండు" అని పెట్టేసింది.

శవం వెంటనే రాలేదు. చెల్లె దుకాణానికి రావడం మానేసింది, ఆమె మరిది వచ్చేవాడు. మధ్యలో ఇంకో చిక్కు పడింది. అక్కడి ఆఫీసులో ఎవరో చనిపోయినతని పేరును ఏదో మెయిల్‌లోంచి తీసి, మధ్యలో చొరబడ్డ ప్రశ్న గుర్తుతో సహా, కాగితం మీద అతికించారు. ఆ పేరు పాస్‌పోర్టులోని పేరుతో కలవలేదు. ఈ పేరుగల మనిషి మా దగ్గర లేడని ఒక ఆఫీసు, కాగితం మార్చే అధికారం మాకు లేదని ఇంకో ఆఫీసు. మనిషి ఐసు పెట్టెలో ఉండగా పేరు కోసం వాదన.

అత్త మెయిల్ మీద మెయిల్ రాసింది. ఏ అలంకారమూ లేకుండా, చిన్న చిన్న వాక్యాలు, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా చెడిపోకుండా. పంపేముందు తన ఇంకో అడ్రసుకు పంపుకుని, ఒక్క గుర్తు కూడా చేరలేదని చూసుకుని, అప్పుడు వాళ్లకు పంపేది. ఆ రోజుల్లో నేను సెలవు మీద పోయినప్పుడు చూశాను. అన్నం ముందు పెట్టుకుని తినడం మరిచిపోయేది. "సచ్చినోనికి ఒక్క పేరు గూడ మంచిగ రాయకపాయిరి" అనేది, ఎవరితోనో కాదు, తెరతో.

చివరికి కాగితం మారింది. పెట్టె హైదరాబాద్ విమానాశ్రయానికి, అక్కడి నుంచి అంబులెన్సులో పల్లెకు వచ్చింది. అత్త కూడా ఆ పల్లెకు వెళ్లింది. పెట్టె తెరవొద్దని వెంట వచ్చిన డ్రైవర్ చెప్పాడట. మొహం చూడకుండానే పాస్టర్ ప్రార్థన చేశాడు, చూడకుండానే మట్టి వేశారు. అత్త వెనక వరుసలో నిలబడి వచ్చేసింది. చెల్లె చూసిందో లేదో తెలియదు.

ఆ తర్వాత వానలు వచ్చిపోయాయి. ఒకరోజు నేను దుకాణంలో ఉండగానే ఆమె వచ్చింది. బాగా చిక్కిపోయింది. బెంచీ మీద కూర్చోలేదు.

"ఆ మెయిల్ సూపెట్టక్కా."

అత్త లేచి, "ఉన్నది చెల్లె, ప్రింటు తీసిస్త" అంది.

"మంచిగ చేసింది గాదు. మొదలు వచ్చింది. చెత్త ఉండంగ వచ్చింది."

అత్త వెతికి తీసింది. తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి తాను పక్కన నిలబడింది. బాణాలు, సమానం గుర్తులు, తెగిన మాటలు. చెల్లెకు ఇంగ్లీషు రాదు. అయినా చాలాసేపు చూసింది. తర్వాత వేలు తెర మీద పెట్టింది.

"యాడ ఉన్నది?"

అత్త చూపించింది. వరుస చివరా, కింది వరుస మొదటా.

"గీడనా?"

"గీడనే. నడుమ ఈ గుర్తు ఉండె. అది తీసినంక నాకు తెలిసింది."

"నేను గప్పుడు ఏం చేస్తుంటి?"

"రోడ్డు దిక్కు సూస్తుంటివి."

చెల్లె ఆ గుర్తు మీద వేలు అట్లాగే ఉంచింది. అప్పుడు ఏడ్చింది. అత్త ఆమె తలను పొట్టకు ఆనించుకుంది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. క్షమించానని చెల్లె అనలేదు, అత్త అడగనూ లేదు. కానీ గద్వాలకు వచ్చినప్పుడల్లా దుకాణంలో కాసేపు కూర్చుని పోవడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి అత్త కంప్యూటర్ తెరను గిరాకీ వైపు తిప్పి పెట్టింది. తాను పక్కకు ఒరిగి, మెడ వంచి పనిచేసేది. ఒక వరుస శుభ్రమైతే ఒక వరుస చదివి చెప్పేది. మెడ నొప్పి వస్తుందని, వంకర కూర్చోవద్దని నేను గొడవ పడేదాన్ని. "వాళ్ల ముచ్చట వాళ్లకంటె ముందుగాల నాకెందుకు తెల్వాలె?" అనేది. కొందరికి అది నచ్చేది కాదు. అంతా చూసి మెల్లగా చెప్పరాదా అని బతిమాలేవారు. ఒప్పుకునేది కాదు. ఆ మొండితనం వల్ల గిరాకీ కొంత తగ్గింది కూడా.

నొప్పి మొదట కడుపులో వచ్చింది. గ్యాస్ అనుకుని గోళీలు మింగింది. మనిషి సగమయ్యాక నేను బలవంతాన మహబూబ్‌నగర్ తీసుకుపోయి స్కాన్ చేయించాను. నేను నర్సునని డాక్టర్ నన్ను లోపలికి పిలిచి ముందు నాకే చూపించాడు. అత్త బయట కుర్చీలో, చెప్పులు విడిచి, కాళ్లు పైకి మడుచుకుని కూర్చుని ఉంది. చాలా చిన్నగా కనిపించింది. తలుపు నుంచి ఆ కుర్చీ దాకా నడిచిన ఆ కాస్త దూరంలో ఏం చేయాలన్న సందేహం నాకు కలగలేదు. పక్కన కూర్చుని చెప్పాను. గడ్డ అని, పాకిందని.

"మానేదేనా?"

"కాదత్తా."

ఎదురుగా గోడమీద ఉన్న గడియారం చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. ఇంకాసేపటికి, "ఆకలయితుంది, ఇడ్లీ దొరుకుతదేమో సూడు" అంది.

చివరి నెలలు మంచివి కావు. మంచిగా పోయింది అని రాయలేను. మందు నొప్పిని కొంతే ఆపేది. పండుకోలేకపోయేది, కూర్చోలేకపోయేది. దుకాణం సామాను తమ్ముడు ఇంటికి తెచ్చాడు. మొదట్లో మంచం మీదికి కీబోర్డు తెప్పించుకునేది, తర్వాత దాని వైపు చూడడం మానేసింది. ఎవరైనా వచ్చి తగ్గిపోతుందిలే అంటే మొహం గోడ వైపు తిప్పుకునేది. నొప్పి మరీ ఎక్కువైన రోజుల్లో నన్ను తిట్టింది, మా నాయనను తిట్టింది, ఎప్పుడో పోయిన తాతను తిట్టింది. చెల్లె వచ్చి కాళ్లు పట్టేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు.

తమ్ముడి ఫోను పెట్టేశాక నేను మొదట చేసింది ఆమెకే. "చెల్లె, అత్త పోయింది" అన్నాను. అవతల పత్తి ఏరే ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. "ఎప్పుడు తీస్తరు?" అని అడిగింది. నేను నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల చేరేసరికి ఆమె అప్పటికే మా వాకిట్లో ఉంది. స్నానం చేయించడానికి ఆడవాళ్లు లేచినప్పుడు ఆమె కూడా లేచింది. మా వీధి పెద్దావిడ ఒకామె, సిలువ వైపు చూసి, "ఈమె ఎవరోళ్లు?" అని నన్ను అడిగింది.

"మా అత్త చెల్లె" అన్నాను.

పెద్దావిడ పక్కకు జరిగి చోటిచ్చింది. చెల్లె వంగి, నీళ్లు ముందు తన చేతి మీద పోసుకుని వేడి చూసి, అప్పుడు అత్త పాదాల మీద పోసింది.

మూడో రోజు అస్థికలు తీసుకుని నేనూ తమ్ముడూ బీచుపల్లికి పోయాము. కృష్ణలో నీళ్లు బాగా వెనక్కి పోయాయి. బురదలో, పాకుడు రాళ్ల మీద చాలా దూరం నడవాల్సి వచ్చింది. బూడిద వదిలితే అది కదలలేదు. ధార లేదు. బూడిదరంగు తెట్టులా రాళ్ల మధ్యే నిలిచింది. తమ్ముడు చేతులతో నీళ్లు తోశాడు. కొంచెం పోయి మళ్లీ మా కాళ్ల దగ్గరికే వచ్చింది. వాడు అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఏడ్చాడు.

కాస్త దూరంలో ఒకతను పుట్టిలో కూర్చుని వల సర్దుకుంటున్నాడు. మమ్మల్ని చూసి వల పక్కన పెట్టాడు. గుండ్రటి పుట్టిని మెల్లగా మా దాకా తెచ్చాడు. తెడ్డు నీళ్లలోకి దించి, పుట్టిని ఉన్నచోటే తిప్పుతూ నీటిని కలిపాడు. నిలిచిన తెట్టు విడిపోయి, పుట్టి వెంట నది నడుమకు సాగింది. లోతు వచ్చాక అతను తెడ్డు పైకెత్తి, కదలకుండా కూర్చున్నాడు. తెడ్డు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి. పుట్టి ఇంకా తనంతట తాను నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.